పెద్ద వయసు దాత కిడ్నీ వస్తే ఒప్పుకోవాలా, ఆగాలా?

చనిపోయిన దాతల అవయవాలు కేటాయించే జీవన్‌దాన్ జాబితాలో పేరున్నవారికి ఫోన్ ఏ వేళలోనైనా రావచ్చు. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ చెప్పే మాటలు ఇలా ఉంటాయి: “కిడ్నీ ఉంది. దాత వయసు 66. బ్రెయిన్ స్ట్రోక్. పదేళ్లుగా బీపీ ఉంది. క్రియాటినిన్ 1.6. గంటలో చెప్పండి.” (క్రియాటినిన్ కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె; అది పెరిగితే పనితీరు తగ్గినట్టు.) ఆ గంటలో ఇంట్లో తలా ఒక మాట అంటారు. ముసలివాళ్ల కిడ్నీ మనకెందుకని ఒకరు, వచ్చిందాన్ని కాదనొద్దని ఇంకొకరు. ఇంత పెద్ద నిర్ణయానికి ఆ గంట చాలదు. నెఫ్రాలజిస్ట్ దగ్గర కూర్చుని, తీరిగ్గా, ఫోన్ రాకముందే తేల్చుకోవాలి. ఆ మాటామంతీకి ఉపయోగపడేలా ఈ పోలిక రాస్తున్నాం.

చాలామంది పోలికను తప్పు చోట మొదలుపెడతారు. వచ్చిన కిడ్నీని పాతికేళ్ల కుర్రాడి కిడ్నీతో పోల్చి చూస్తారు. ఆ కుర్రాడి కిడ్నీ ఇప్పుడు మీకు ఎవరూ ఇవ్వడం లేదు. మీ ముందున్నవి రెండే: ఈ కిడ్నీ, లేదంటే ఇంకా కొన్నేళ్ల డయాలసిస్. ఆ కొన్నేళ్లలో మీ ఒంటికి ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

## ముందు మీ సంగతి చూసుకోండి

కిడ్నీ గురించి అడిగే ముందు మీ గురించి కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

డయాలసిస్ ఎలా నడుస్తోంది. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం చేతిలో కలిపి కుట్టిన రక్తనాళం, బాగా పనిచేస్తోందా? ఒకటి రెండు ఫిస్టులాలు మూసుకుపోయి మెడలో కాథెటర్ గొట్టంతో నెట్టుకొస్తున్నారా? కాథెటర్‌తో ఉన్నవారికి రక్తంలో ఇన్ఫెక్షన్ ముప్పు ఎప్పుడూ ఉంటుంది. ఇక సూది గుచ్చడానికి రక్తనాళం దొరకని స్థితికి దగ్గరపడుతుంటే ఆగే వీలు మీకు లేనట్టే.

ఎన్నాళ్లుగా డయాలసిస్‌పై ఉన్నారు, వయసెంత, షుగర్ ఉందా. ఈ మూడూ కలిసి ఆగడానికి ఎంత ఖర్చవుతుందో చెబుతాయి. ఇక్కడ ఖర్చంటే డబ్బు కాదు, గుండె. ఏళ్లు గడిచేకొద్దీ గుండె కండరం మందమవుతుంది, రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటుంది. మూడేళ్ల కిందట మార్పిడికి ఫిట్ అన్నవారినే ఇప్పుడు గుండె డాక్టర్ వద్దనడం తరచూ జరుగుతుంది.

బ్లడ్ గ్రూప్, యాంటీబాడీలు. ఓ గ్రూప్‌వారికి ఎదురుచూపు ఎక్కువ. కాన్పులు, రక్తం ఎక్కించుకోవడం, అంతకుముందు ఒక మార్పిడి, ఇవన్నీ ఒంట్లో యాంటీబాడీలు పెంచుతాయి. అలాంటివారికి క్రాస్ మ్యాచ్ (దాత కణాలను మీ రక్తం ఎదిరిస్తుందా అని చూసే పరీక్ష) నెగెటివ్ రావడమే అరుదు.

బరువు. 45 కిలోల మనిషికి సరిపోయే కిడ్నీ 90 కిలోల మనిషికి చాలదు. పెద్ద వయసు కిడ్నీలో పనిచేసే వడపోత గుత్తులు, అంటే గ్లోమెరులస్‌లు, తక్కువగా ఉంటాయి కాబట్టి ఈ తేడా ఇంకా గట్టిగా కనిపిస్తుంది.

మీ బీపీ. దీన్ని ఎవరూ అడగరు, కానీ అడగాలి. డయాలసిస్‌లో బీపీ ఎప్పుడూ 90 దగ్గరే ఉండి, బీపీ పెంచే మిడోడ్రిన్ మాత్రలతో నడిపిస్తున్నవారికి పెద్ద వయసు కిడ్నీ అతకడం కష్టం. ముదిరిన రక్తనాళాల్లోకి రక్తం వెళ్లాలంటే ఒత్తిడి కావాలి.

ఆసుపత్రికి ఎంత దూరం. మొదటి రెండు మూడు నెలలు వారానికి రెండుసార్లు రక్తపరీక్షలు ఉంటాయి. ఆదిలాబాద్‌లోనో ఇచ్ఛాపురంలోనో ఉంటే, ఆ రోజులకు ఆసుపత్రి ఊళ్లో గది చూసుకోవాల్సిందే.

## ‘ఎక్కువ రిస్క్ దాత’ అని ఎవరిని అంటారు

అందరికీ తెలిసిన కొలమానం 2002లో అమెరికాలో ఖాయమైంది. దాతకు 60 ఏళ్లు నిండితే చాలు. లేదా 50 నుంచి 59 మధ్య ఉండి, ఈ మూడింటిలో రెండు ఉండాలి: బీపీ, మెదడు స్ట్రోక్‌తో మరణం, క్రియాటినిన్ 1.5 దాటడం. ఇలాంటి కిడ్నీలు దెబ్బతినే అవకాశం మామూలు దాతల కిడ్నీలకంటే కనీసం 70 శాతం ఎక్కువని లెక్కతేలింది కాబట్టే ఆ గీత అక్కడ గీశారు.

2014 డిసెంబర్ నుంచి అమెరికా కేటాయింపుల్లో కేడీపీఐ అనే స్కోరు వచ్చింది. దాత వయసు, ఎత్తు, బరువు, బీపీ, షుగర్, మరణ కారణం, క్రియాటినిన్ లాంటివి కలిపి 0 నుంచి 100 వరకు అంకె ఇస్తుంది. 85 వచ్చిందంటే, అక్కడ దానమయ్యే కిడ్నీల్లో 85 శాతం దీనికంటే ఎక్కువ కాలం పనిచేస్తాయని అంచనా. అక్కడి లెక్కల ప్రకారం 20 లోపు స్కోరు కిడ్నీలు సగటున సుమారు 11 ఏళ్లు, మధ్యవి సుమారు 9 ఏళ్లు, 85 దాటినవి అయిదున్నర ఏళ్లకు పైగా పనిచేస్తాయి. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీ సుమారు 12 ఏళ్లు. ఇవన్నీ అమెరికా రోగుల అంకెలు. మన దగ్గర దాతలు వేరు, ఇన్ఫెక్షన్లు వేరు. స్కోరును దిశ చూపించే గుర్తుగా తీసుకోండి, గడువు తేదీగా కాదు.

వయసు కాకుండా ఇంకో రెండు రకాల ‘రిస్క్’ కూడా ఇదే సంచిలో పడుతుంటాయి: హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీ, వైరస్ ఉన్న దాత కిడ్నీ. ఈ మూడూ పూర్తిగా వేరు. ఒకదానికి భయపడాల్సిన భయం ఇంకోదానికి పెట్టుకోకండి.

## ఒక చూపులో

| దారి | ఎదురుచూపు | మొదటి వారాలు | ఎంతకాలం | ప్రధాన చిక్కు |
|---|---|---|---|---|
| మామూలు దాత కోసం ఆగడం | ఏళ్లు పట్టొచ్చు | సాధారణంగా సాఫీ | ఎక్కువ | ఆగే కాలంలో గుండె, ఇన్ఫెక్షన్లు, జాబితా నుంచి తొలగింపు |
| పెద్ద వయసు దాత, ఒక కిడ్నీ | తక్కువ | కిడ్నీ ఆలస్యంగా పనిచేయొచ్చు, మళ్లీ డయాలసిస్ | తక్కువ | క్రియాటినిన్ ఎక్కువ దగ్గరే ఆగడం |
| పెద్ద వయసు దాత, రెండు కిడ్నీలూ | తక్కువే, అవకాశాలు అరుదు | పెద్ద ఆపరేషన్ | ఒక కిడ్నీ కంటే మెరుగు | ఎక్కువ సమయం, రక్తనాళాలు గడ్డకట్టే ముప్పు |
| చిన్న వయసు దాత, హఠాత్తుగా పెరిగిన క్రియాటినిన్ | తక్కువ | ఆలస్యం చాలా సాధారణం | మామూలు కిడ్నీకి దగ్గరగా | పైపొర మొత్తం చచ్చిపోయి ఉంటే ఎప్పటికీ పనిచేయదు |
| హెపటైటిస్ సి ఉన్న దాత | తక్కువ | మాత్రల కోర్సు | మంచిది | మందు సమయానికి మొదలుకావాలి |
| ఇంట్లో దాత లేదా స్వాప్ (రెండు కుటుంబాలు దాతల్ని మార్చుకోవడం) | నెలలు | సాఫీ | అన్నిటికంటే ఎక్కువ | దాత ఆరోగ్యం, అనుమతులు |

## మామూలు కిడ్నీ కోసం ఆగడం

ఆగడం కూడా ఒక చికిత్సే అనుకుని దాని లాభనష్టాలు రాసుకోండి. లాభం తెలిసిందే: మంచి కిడ్నీ, ఎక్కువ ఏళ్లు. నష్టం కనిపించకుండా పేరుకుంటుంది.

ఈ లెక్కను పెద్ద సంఖ్యలో రోగులపై చూసిన పరిశోధన 2005లో అమెరికాలో వచ్చింది. పెద్ద వయసు దాత కిడ్నీ తీసుకున్నవారికి మొదట్లో మరణ ముప్పు ఎక్కువ. ఆపరేషన్, బలమైన మందులు, ఇన్ఫెక్షన్లు కలిసి మొదటి నెలల్లో భారమవుతాయి. జాబితాలోనే ఆగినవారితో పోల్చితే లెక్క సమానం కావడానికి దాదాపు మూడున్నరేళ్లు పట్టింది. ఆ తర్వాత లాభం మొదలైంది. 40 ఏళ్లు దాటినవారికి, షుగర్ లేదా బీపీతో కిడ్నీ పోయినవారికి, జాబితా చాలా నెమ్మదిగా కదిలే ప్రాంతాలవారికి ఆ లాభం స్పష్టంగా కనిపించింది. వయసు తక్కువ ఉండి, జాబితా త్వరగా కదిలే చోట ఉన్నవారికి కనిపించలేదు.

ఇందులోంచి మనం తీసుకోవాల్సింది: మీరు ఇంకా కనీసం నాలుగేళ్లు బతికే స్థితిలో ఉండాలి, కానీ మంచి కిడ్నీ కోసం అన్నేళ్లు ఆగే స్థితిలో ఉండకూడదు. ఆ మధ్యలో ఉన్నవారికే పెద్ద వయసు కిడ్నీ బాగా కలిసొస్తుంది. మన దగ్గర అలాంటివారు చాలామంది.

## పెద్ద వయసు దాత నుంచి ఒక కిడ్నీ

దీన్ని పద్ధతిగా నడిపి చూపింది యూరప్. 1999లో అక్కడి కొన్ని దేశాలకు కలిపి అవయవాలు కేటాయించే సంస్థ యూరోట్రాన్స్‌ప్లాంట్ ఒక ప్రత్యేక పద్ధతి మొదలుపెట్టింది. 65 దాటిన దాత కిడ్నీని 65 దాటిన రోగికే ఇస్తారు. హెచ్‌ఎల్‌ఏ పోలిక, అంటే దాత, రోగి కణజాలాలు ఎంత కలుస్తాయన్నది, చూడరు. దాత ఉన్న చోటికి దగ్గరలోని రోగికే ఇస్తారు. ఎందుకంటే పెద్ద వయసు కిడ్నీ ఐసులో గంటలకొద్దీ ఉండటాన్ని తట్టుకోలేదు. పాతికేళ్ల కిడ్నీ 20 గంటల చలిని భరించి కోలుకుంటుంది. 68 ఏళ్ల కిడ్నీకి అదే 20 గంటలు సగం ప్రాణం తీస్తాయి. ఈ పద్ధతిలో పెద్దవాళ్లకు ఎదురుచూపు తగ్గింది. హెచ్‌ఎల్‌ఏ చూడకపోవడం వల్ల రిజెక్షన్లు, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని ఎదిరించడం, కొంత పెరిగాయి.

అందుకే దాత ఏ ఊళ్లో ఉన్నాడన్నది వయసుతో సమానంగా ముఖ్యం. అదే నగరంలో, ఆరేడు గంటల్లో అమర్చగలిగే 67 ఏళ్ల దాత కిడ్నీ, వేరే రాష్ట్రం నుంచి విమానంలో వచ్చి పద్దెనిమిది గంటలయ్యే 60 ఏళ్ల దాత కిడ్నీ కంటే మేలు కావొచ్చు. కొన్ని సెంటర్లలో కిడ్నీని ఐసు పెట్టెలో కాకుండా చల్లటి ద్రవాన్ని పంపు చేస్తూ ఉంచే యంత్రం ఉంటుంది. 2009లో యూరప్‌లో జరిగిన పరీక్షలో ఈ యంత్రం వాడినప్పుడు ఆలస్యంగా పనిచేసిన కిడ్నీలు 26.5 శాతం నుంచి 20.8 శాతానికి తగ్గాయి. యంత్రం లేదని కిడ్నీని వదులుకోనక్కర్లేదు, కానీ గంటల లెక్క మరింత కచ్చితంగా పాటించాలి.

దాత క్రియాటినిన్ గురించి రెండు అంకెలు అడగాలి: ఆసుపత్రిలో చేరిన రోజుది, ఇవాళ్టిది. మొదటి రోజే 1.6 ఉంటే కిడ్నీకి పాత జబ్బు ఉన్నట్టు. మొదటి రోజు 0.9 ఉండి ఇవాళ 1.6 అయితే, బ్రెయిన్ డెడ్ అయ్యాక బీపీ పడిపోవడం, మూత్రం విపరీతంగా పోయి నీరు తగ్గడం లాంటివి కారణాలు. రెండోది చాలావరకు తిరిగొస్తుంది. అలాగే మూత్రంలో ప్రొటీన్. బీపీ పదేళ్లున్నా ప్రొటీన్ లేకపోతే కాస్త ధైర్యంగా ఉండొచ్చు. షుగర్ ఉన్న దాతకు ప్రొటీన్ కూడా పోతుంటే ఒప్పుకునే ముందు బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చూడమనండి.

బయాప్సీ మాటకొస్తే ఒక జాగ్రత్త. పాడైపోయిన గ్లోమెరులస్‌లు 20 శాతం దాటితే వద్దనడం చాలాచోట్ల అలవాటు. కానీ రాత్రిపూట హడావిడిగా చేసే ఫ్రోజెన్ సెక్షన్‌లో (ముక్కను గడ్డకట్టించి వెంటనే చూసే పద్ధతి), పైపొర నుంచి చీలిక తీస్తే, ఆ పైపొరలోనే మచ్చలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి కిడ్నీ ఉన్నదానికంటే ముసలిగా కనిపిస్తుంది. ముక్కలో కనీసం 25 గ్లోమెరులస్‌లైనా లేకపోతే ఆ శాతానికి అర్థం లేదు. ఒక్క బయాప్సీ అంకె చూసి కిడ్నీని పారేయడం వృథా. ఇది డాక్టర్లకు సంబంధించిన సంగతే అయినా, “ఎన్ని గ్లోమెరులస్‌లు చూశారు?” అని అడిగే హక్కు మీకుంది.

## ఒకే దాత నుంచి రెండు కిడ్నీలూ

ఒక్క కిడ్నీ చాలదనిపించినప్పుడు రెండింటినీ ఒకే రోగికి అమర్చడం ఇంకో దారి. దీనికి ఇటలీ వైద్యుడు జుసెప్పె రెముజ్జి బృందం స్కోరు ఇచ్చింది. గ్లోమెరులస్‌లు, ట్యూబ్యూల్స్ (సన్నని గొట్టాలు), వాటి మధ్య కణజాలం, రక్తనాళాలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 3 దాకా ఉంటే ఒక్కో కిడ్నీ ఒక్కో రోగికి. 4 నుంచి 6 ఉంటే రెండూ ఒకరికే. 7 నుంచి వాడకూడదు. ఇలా బయాప్సీ చూసి అమర్చిన 60 దాటిన దాతల కిడ్నీలు, చిన్న వయసు దాతల ఒక కిడ్నీతో సమానంగా నిలిచాయని ఆ బృందం 2006లో చూపింది.

చిక్కు ఆపరేషన్‌లోనే. సమయం ఎక్కువ, కుట్లు ఎక్కువ, రక్తనాళం గడ్డకట్టే ముప్పు, మూత్రనాళం లీకయ్యే ముప్పు కూడా ఎక్కువ. పొత్తికడుపు రక్తనాళాల్లో కాల్షియం బాగా పేరుకున్నవారికి రెండు కిడ్నీలు కుట్టే చోటే దొరకదు. గుండె బలంగా ఉండి, బరువు 75 కిలోలు దాటినవారికి ఈ దారి గురించి అడగడం మంచిది. మీ ఆసుపత్రిలో ఇంతకుముందు చేసిన అనుభవం ఉందో లేదో తెలుసుకోండి. లేకపోతే మీరు వాళ్ల మొదటి కేసు కాకపోవడమే మేలు.

## హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీ

బైక్ ప్రమాదంలో పోయిన పాతికేళ్ల యువకుడు. చేరినప్పుడు క్రియాటినిన్ 0.9. షాక్, కండరాలు నలిగిపోవడం వల్ల ఇప్పుడు 3.5. చాలా కుటుంబాలు ఆ అంకె విని వెనక్కి తగ్గుతాయి. తగ్గకూడదు. మన రాష్ట్రాల్లో రోడ్డు ప్రమాదాల దాతలు ఎక్కువ కాబట్టి ఇలాంటి కిడ్నీలు తరచూ వస్తాయి. కొత్త ఒంట్లో రెండు మూడు వారాలు డయాలసిస్ చేయాల్సి వచ్చినా, కోలుకున్నాక మామూలు కిడ్నీల్లాగే పనిచేస్తాయి.

భయపడాల్సింది ఒకే ఒక్క దానికి: కిడ్నీ పైపొర మొత్తం చచ్చిపోవడం. తీవ్రమైన షాక్, రక్తం విపరీతంగా గడ్డకట్టే స్థితి, మూత్రం పూర్తిగా ఆగిపోవడం కలిసి ఉంటే అది అనుమానించాలి. అప్పుడు బయాప్సీ లేకుండా ఒప్పుకోవద్దు. యువ రోగులకు మేము గట్టిగా సిఫార్సు చేసేది ఈ రకాన్నే. 67 ఏళ్ల మంచి క్రియాటినిన్ కంటే 25 ఏళ్ల చెడ్డ క్రియాటినిన్ మేలు.

## వైరస్ ఉన్న దాత

హెపటైటిస్ సి విషయంలో పరిస్థితి పూర్తిగా మారింది. సోఫోస్‌బువిర్, వెల్పాటాస్‌విర్ కలిసిన మాత్రలు, రిజెక్షన్ రాకుండా ఇచ్చే టాక్రోలిమస్‌తో కలిపి వాడుకోవచ్చు, 12 వారాల కోర్సుతో దాదాపు అందరికీ వైరస్ పోతుంది. మన దేశంలో ఇవి జెనరిక్‌గా దొరుకుతాయి. దాతకు యాంటీబాడీ మాత్రమే పాజిటివ్ ఉండి న్యాట్ పరీక్ష (రక్తంలో వైరస్‌నే నేరుగా వెతికేది) నెగెటివ్ అయితే వైరస్ మీకు రావడం చాలా అరుదు. న్యాట్ పాజిటివ్ అయితే వస్తుందని అనుకునే సిద్ధం కావాలి. మందు చేతిలో లేకుండా, ఎవరు ఇస్తారో తేలకుండా సంతకం పెట్టొద్దు.

డయాలసిస్ యూనిట్‌లోనే హెపటైటిస్ సి అంటుకున్నవారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. లివర్ బాగుంటే, మార్పిడికి ముందే వైరస్‌కు మందు వాడేయకుండా, వైరస్ ఉన్న దాత కిడ్నీ తీసుకుని ఆ తర్వాత వాడటం వల్ల ఎదురుచూపు తగ్గొచ్చు. ఇది లివర్ డాక్టర్, నెఫ్రాలజిస్ట్ కలిసి తేల్చాలి.

హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ మాత్రమే ఉన్న దాత కిడ్నీ కూడా టీకాతో రక్షణ ఉన్నవారు తీసుకోవచ్చు. ఆ రక్షణ ఇప్పుడే తయారుచేసుకోవాలి. డయాలసిస్ రోగులకు మామూలు మోతాదు చాలదు. 40 మైక్రోగ్రాముల చొప్పున మొదటి రోజు, ఒక నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు ఇచ్చే టీకాలు ఉన్నాయి. తర్వాత యాంటీబాడీ పరీక్ష చేయించి 10 పైన ఉందో లేదో చూడాలి, 100 దాటితే ఇంకా మంచిది.

## ఇంట్లో దాత ఉంటే

ఇంట్లో దాత ఉండి, ఆరోగ్యం సహకరిస్తే పై దారులన్నిటికంటే అదే ముందు. గ్రూప్ కలవలేదని వదిలేసిన కుటుంబాలు స్వాప్ గురించి మళ్లీ అడగాలి. మీ భార్య కిడ్నీ ఇంకో కుటుంబంలోని రోగికి, ఆ రోగి భార్య కిడ్నీ మీకు అనే పద్ధతి చట్టంలో ఉంది. భార్య, భర్త, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలతో పాటు తాత, అమ్మమ్మ, నానమ్మ, మనవలు కూడా 2011 సవరణతో దగ్గరి బంధువుల్లో చేరారు. 62 ఏళ్ల అమ్మ ఇస్తానంటే, ఆమె వయసు చూసి కాదు, ఆమె బీపీ, వడపోత పరీక్షలు చూసి తేల్చండి. ఆరోగ్యంగా ఉన్న అమ్మ కిడ్నీ, గంటలకొద్దీ ఐసులో ఉన్న అదే వయసు కిడ్నీ కంటే ఎంతో మెరుగు.

## ఎవరికి ఏది

60 దాటి, షుగర్‌తో, రెండేళ్లకు పైగా డయాలసిస్. పెద్ద వయసు దాత కిడ్నీకి ముందే సరేనని చెప్పి ఉంచండి. మీకు ఇది రాజీ కిడ్నీ కాదు, మీ వయసుకు తగిన కిడ్నీ. 65 దాటితే పేరు రాయరన్న భయం అక్కర్లేదు, 2023లో కేంద్రం ఆ వయసు పరిమితిని తీసేసింది.

కాథెటర్‌తో నెట్టుకొస్తున్నవారు, ఏ వయసైనా. దాదాపు అన్ని రకాలకూ ఒప్పుకోండి. డయాలసిస్‌కు రక్తనాళం దారి మూసుకుపోతే ఎంపికలే ఉండవు.

30 లోపు, ఫిస్టులా బాగుంది, డయాలసిస్ మొదలై ఏడాదిలోపు. 60 దాటిన దాత నుంచి ఒక కిడ్నీ తీసుకోకండి. అయిదారేళ్లకు అది పోతే రెండో మార్పిడి నాటికి ఒంట్లో యాంటీబాడీలు పెరిగిపోయి ఉంటాయి. హఠాత్తుగా దెబ్బతిన్న యువ కిడ్నీకి, హెపటైటిస్ సి కిడ్నీకి మాత్రం సరేననండి.

40 నుంచి 55 మధ్య. ఇక్కడే సులువైన జవాబు లేదు. డయాలసిస్ నాలుగేళ్లు దాటి, గ్రూప్ ఓ అయి, ఎకోలో గుండె బలం తగ్గుతుంటే ఒప్పుకోవడం వైపు మొగ్గండి. లేకుంటే 60-65 మధ్య దాత, క్రియాటినిన్ మొదటి రోజు బాగున్నవి, పది పన్నెండు గంటల లోపు అమర్చగలిగినవి మాత్రమే అని గీత పెట్టుకోండి.

యాంటీబాడీలు బాగా ఎక్కువ ఉన్నవారు. వయసు గీతలు సడలించండి. క్రాస్ మ్యాచ్ కలిసిన కిడ్నీ మీకు మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇంకా డయాలసిస్ మొదలుకానివారు. తొందరలేదు. రిస్క్ కిడ్నీ మీకోసం కాదు, ఇప్పటికైతే.

## ఫోన్ రాకముందు, వచ్చాక

ముందుగా మీ సెంటర్‌ను అడగాల్సింది ఇది: నాకు వచ్చిన ఆఫర్లను నన్ను అడగకుండా మీరే వద్దంటారా? అమెరికాలో జాబితాలో ఉంటూనే చనిపోయినవారిలో చాలామందికి అంతకుముందు ఆఫర్లు వచ్చాయని, వారి తరఫున సెంటర్లే కాదన్నాయని లెక్కల్లో బయటపడింది. మీరు వేటికి ఒప్పుకుంటారో కాగితం మీద రాసి ఫైల్లో పెట్టించండి, ఆరు నెలలకోసారి మార్చండి. ఒకసారి కాదంటే జాబితాలో స్థానం ఏమవుతుందో కూడా అప్పుడే అడగండి. ఆరోగ్యశ్రీ కింద చేయించుకునేవారు ఆపరేషన్‌తో పాటు తర్వాతి మందులు ఎంతవరకు వస్తాయో ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి.

దాత ఎవరో చెప్పరు, చెప్పకూడదు. కానీ వైద్య వివరాలు చెప్పొచ్చు. ఫోన్‌లో అడగాల్సినవి:

- వయసు, మరణ కారణం, బీపీ, షుగర్ ఎన్నేళ్లుగా?
- చేరిన రోజు క్రియాటినిన్, ఇవాళ్టి క్రియాటినిన్?
- మూత్రంలో ప్రొటీన్, అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ సైజు? 9 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే ఎందుకో అడగండి.
- దాత ఏ ఊళ్లో, ఐసులో మొత్తం ఎన్ని గంటలవుతుంది?
- బయాప్సీ చేశారా? రెండూ ఇస్తారా, ఒకటేనా?
- వైరస్ పరీక్షలు న్యాట్‌తో చేశారా? రక్తంలో బ్యాక్టీరియా ఉందా?

మీ వైపు నుంచి చెప్పాల్సినవి: ఆఖరి డయాలసిస్ ఎప్పుడు, జ్వరం ఉందా, కాలిపుండు ఉందా, ఇటీవల రక్తం ఎక్కించుకున్నారా. ఈ చివరిది దాచకండి. రెండు వారాల కిందట ఎక్కించుకున్న రక్తం వల్ల పాత రక్తనమూనాతో చేసిన క్రాస్ మ్యాచ్ తప్పుదారి పట్టొచ్చు. ఫోన్ పెట్టాక ఏమీ తినకండి.

## మొదటి వారాలు, ఆ తర్వాత

ఆపరేషన్ అయిన మొదటి వారంలో మళ్లీ డయాలసిస్ చేస్తే కిడ్నీ పోయిందని ఇంటివాళ్లు ఏడుస్తారు. ముందే చెప్పి ఉంచండి: రిస్క్ కిడ్నీల్లో ఇది తరచూ జరిగేదే, ఒకటి నుంచి మూడు వారాల్లో చాలావరకు మేలుకుంటుంది. వారం పది రోజులైనా కదలకపోతే బయాప్సీ చేస్తారు, నిద్రపోతున్న కిడ్నీలో చాటుగా రిజెక్షన్ మొదలైందేమో చూడ్డానికి. దీన్ని వాయిదా వేయనివ్వకండి. ఈ రోజుల్లో డయాలసిస్ సమయంలో బీపీ పడనివ్వకూడదు. ఎక్కువ నీరు ఒకేసారి లాగేస్తే కోలుకుంటున్న కిడ్నీ మళ్లీ దెబ్బతింటుంది.

క్రియాటినిన్ 1.0కి రావాలని ఎదురుచూడకండి. 66 ఏళ్ల కిడ్నీ 1.8 దగ్గరో 2 దగ్గరో నిలకడగా ఆగితే అది విజయమే. నిలకడ ముఖ్యం. 1.8 నుంచి 2.3కి వెళితే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. టాక్రోలిమస్ లెవెల్ పెరిగితే ముసలి కిడ్నీకి యువ కిడ్నీ కంటే త్వరగా హాని చేస్తుంది, కాబట్టి డాక్టర్ కాస్త తక్కువ లెవెల్‌లో నడిపించొచ్చు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ముట్టుకోకండి. ఫంగస్‌కు ఫ్లూకోనజోల్, టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే టాక్రోలిమస్ లెవెల్ ఒకటి ఆకాశానికి, ఇంకొకటి పాతాళానికి తీసుకెళ్తాయి. ఏ డాక్టర్ ఏ మందు రాసినా ముందు మీ నెఫ్రాలజిస్ట్‌కు ఫోన్ చేయండి.

ఈ కిడ్నీ ఆరేళ్లో ఎనిమిదేళ్లో నడిచి నెమ్మదించడం మొదలుపెడితే, వడపోత అంకె (జీఎఫ్‌ఆర్) 20 దగ్గరకు వచ్చినప్పుడే మళ్లీ జాబితా గురించి మాట్లాడండి. పూర్తిగా ఆగేదాకా ఆగితే మళ్లీ కాథెటర్‌తోనే మొదలవుతుంది. అందుకే మార్పిడి బాగా జరిగినా ఫిస్టులా ఉన్న చేతిని కాపాడుకోండి: ఆ చేతికి రక్తం తీయనివ్వకండి, బీపీ పట్టీ కట్టనివ్వకండి.